‘డ్రై’ అనే ఆంగ్ల విశేషణం: అర్థభేదాలు, తెలుగు సమానార్థకాలు – విశాఖపట్నం వ్యవహారం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలో నిత్యవ్యవహారంలో ఉన్న ‘డ్రై’ అనే విశేషణానికి ద్విభాషా నిఘంటువులు సాధారణంగా ‘పొడి, ఎండిన, తడిలేని’ అనే అర్థాలను ఒకే వరుసలో ఇస్తాయి. ఈ అర్థాలు ఒకదానికొకటి బదులు రావని, తెలుగు ప్రతి సందర్భంలోనూ తడి ఎలా పోయింది, పోయాక ఏమి మిగిలింది అనే విషయాలను బట్టి వేరు వేరు మాటలను వాడుతుందని ఈ వ్యాసం నిరూపిస్తుంది. ఇందుకు రేవు, నౌకానిర్మాణం, ఉక్కు తయారీ, చేపల వ్యాపారం ఒకేచోట ఉన్న విశాఖపట్నం నుంచి ఉదాహరణలు తీసుకోవడమైనది. సరైన సమానార్థకాన్ని ఎంచుకోవడానికి వ్యతిరేకపదం ఎంతవరకు తోడ్పడుతుందో చర్చించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: విశేషణం, అర్థభేదం, సమానార్థకం, వ్యతిరేకపదం, పారిభాషిక పదం, అనువాదం, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:

ఏ భాషలోనైనా అరుదైన మాటలను అనువదించడం కంటే అతి సాధారణమైన మాటలను అనువదించడమే కష్టం. అరుదైన మాటకు అర్థం ఒకటో రెండో ఉంటాయి. నిత్యం వాడే మాట మాత్రం పక్కన చేరిన ప్రతి నామవాచకంతోనూ కొత్త అర్థాన్ని సంతరించుకుంటుంది. ఆంగ్లంలోని ‘డ్రై’ అటువంటి మాట. బట్ట, చేప, ఆవు, నేల, దగ్గు, సారా, హాస్యం – వీటన్నిటి పక్కనా అది చేరుతుంది. చేరిన ప్రతిచోటా తెలుగులో మరొక మాట కావలసి వస్తుంది.

ఈ పరిశీలనకు విశాఖపట్నం అనుకూలమైన క్షేత్రం. ఇక్కడి రేవు 1933లో మొదలైంది. నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో శంకుస్థాపన జరిగింది. అక్కడ నిర్మించిన ‘జల ఉష’ అనే నౌక 1948లో జలప్రవేశం చేసింది. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఈ సంస్థల ద్వారా డ్రై డాక్, డ్రై కార్గో, డ్రై కూలింగ్ వంటి మాటలు వేలాది తెలుగు కార్మికుల నోటికి చేరాయి. అదే నగరంలో మత్స్యకార మహిళలు ఎండుచేపలు అమ్ముతారు, పారిశుధ్య సిబ్బంది పొడిచెత్త అడిగి తీసుకుంటారు. ఒకే ఆంగ్ల విశేషణం పరిధిలోకి వచ్చే ఇన్ని వ్యవహారాలు ఒకే ఊళ్లో దొరకడం అరుదు.

2. ‘డ్రై’ – పదస్వరూపం:

ఇది ప్రాచీన ఆంగ్లం నుంచి వచ్చిన దేశ్యపదం. అనావృష్టిని చెప్పే ‘డ్రాట్’, నీటిని బయటికి పంపే ‘డ్రెయిన్’ అనే మాటలు దీనికి దగ్గరి బంధువులు. విశేషణంగానే కాక క్రియగా కూడా ఇది చెల్లుతుంది. ‘డ్రయర్’, ‘డ్రైనెస్’, ‘డ్రైలీ’ వంటి రూపాలు దీనినుంచే ఏర్పడ్డాయి. నామవాచకానికి ముందు వచ్చినా, వాక్యం చివర విధేయంగా వచ్చినా దీని రూపం మారదు.

తెలుగు నిర్మాణం వేరు. ద్రావిడ భాషల్లో సహజమైన విశేషణాల సంఖ్య తక్కువ. ఆంగ్లంలో విశేషణం చేసే పనిని తెలుగులో చాలావరకు క్రియాజన్య విశేషణాలు, నామవాచకాలు చేస్తాయి. ‘ఎండిన’, ‘ఆరిన’, ‘వట్టిపోయిన’ అనేవి క్రియల నుంచి పుట్టినవి. ‘పొడి’, ‘మెట్ట’ అనేవి నామవాచకాలు. అందువల్ల ఆంగ్లం ఒక స్థితిని మాత్రమే చెప్పి ఊరుకున్నచోట, తెలుగు ఆ స్థితికి దారితీసిన చర్యను కూడా చెప్పవలసి వస్తుంది. అర్థభేదాలకు మూలం ఇక్కడే ఉంది.

3. తెలుగులో తడిలేమిని తెలిపే మాటలు:

3.1 ఎండు: ‘ఎండ’, ‘ఎండు’ అనేవి ఒకే ధాతువుకు చెందిన మాటలు. వస్తువు లోపలి నీరు క్రమంగా పోయి, దాని స్వరూపమే మారడాన్ని ‘ఎండడం’ సూచిస్తుంది. ఎండుచేప, ఎండుమిరప, ఎండుటాకు, ఎండుకొబ్బరి అనేవి పచ్చి వస్తువులకు తాత్కాలికంగా ఏర్పడిన స్థితులు కావు, వేరే వస్తువులు. వాటి ధర వేరు, రుచి వేరు, నిల్వకాలం వేరు. భీమునిపట్నం, పూడిమడక తీరాల్లో నెత్తళ్లను, సావడాయలను ఇసుకమీద పరిచి చేసే పనిని ‘ఎండబెట్టడం’ అనే అంటారు. ‘పొడి చేపలు’ అంటే ఒంటికి నీరు అంటని చేపలనో, చేపల పొడి అనో వినేవారు తికమకపడతారు.

3.2 ఆరు: వస్తువుపైన అంటిన తడి పోవడం ‘ఆరడం’. బట్టలు ఆరతాయి, నేల ఆరుతుంది, తల ఆరుతుంది. వస్తువు స్వభావం మారదు, తిరిగి తన మామూలు స్థితికి వస్తుంది. ఎండడానికి, ఆరడానికి ఉన్న భేదం రంగు విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. ‘గోడమీద రంగు ఆరింది’ అంటే పని పూర్తయిందని అర్థం. ‘డబ్బాలో రంగు ఎండిపోయింది’ అంటే అది ఇక పనికిరాదని అర్థం. ఆంగ్లంలో ఈ రెండు చోట్లా ‘డ్రై’ క్రియే వస్తుంది.

ఈ ధాతువుకే మరొక అర్థం ఉంది. దీపం ఆరుతుంది, నిప్పు ఆరుతుంది, వేడి చల్లారుతుంది. ఉన్నది తగ్గి శమించడమనే భావం ఇందులో సామాన్యాంశం. ఉక్కు కర్మాగారపు పరిభాషను చర్చించేటప్పుడు ఈ విషయం మళ్లీ అవసరమవుతుంది.

3.3 పొడి: ఇది చర్యను చెప్పదు, స్థితిని చెబుతుంది. పొడిబట్ట, పొడిచేతులు, పొడినేల అన్నప్పుడు తడి తగలలేదా, తగిలి పోయిందా అనే ప్రశ్నే రాదు. అయితే ఈ మాటకు ‘చూర్ణం’ అనే అర్థం కూడా బలంగా ఉంది. కారప్పొడి, పసుపుపొడి అందరికీ తెలిసినవే. కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఉండటం ఈ రెండు అర్థాలను కలిపే అంశం. అన్నం పొడిపొడిగా ఉందంటే మెతుకుకు మెతుకు విడిగా ఉందని, అక్కడ వ్యతిరేకపదం ‘ముద్ద’ అని గుర్తించాలి. ‘పొడిపొడిగా మాట్లాడాడు’ అనే పలుకుబడి కూడా ఈ విడివిడితనం నుంచే వచ్చింది. ఆప్యాయత కనబరచకుండా ముక్తసరిగా మాట్లాడటమని దాని అర్థం. ఈ ఒక్కచోట ఆంగ్ల తెలుగు పలుకుబడులు సహజంగానే కలిశాయి.

3.4 వట్టి: పాలివ్వడం మానేసిన ఆవును ఆంగ్లం ‘డ్రై’ అంటుంది. తెలుగులో అది ‘వట్టిపోయిన’ ఆవు. ‘ఎండిన ఆవు’ అంటే మేతలేక చిక్కిపోయిన ఆవు అనే భావం కలుగుతుంది. వట్టి అంటే ఏమీ లేనిది. వట్టిచేతులు, వట్టిమాటలు అనే ప్రయోగాలు ఇందుకు సాక్ష్యం. తెలంగాణలో ఎండబెట్టిన మాంసాన్ని ‘వట్టి తునకలు’ అనడం గమనించదగింది. అక్కడ నీరు పోవడమనే చర్య కంటే నీరు లేకపోవడమనే స్థితి ప్రధానమైంది.

3.5 మెట్ట: నేల విషయంలో రెవెన్యూ ఆంగ్లం ‘వెట్’, ‘డ్రై’ అని విభజిస్తే తెలుగు మాగాణి, మెట్ట అని విభజించింది. తెలంగాణ రెవెన్యూ వ్యవహారంలో ఇవే తరి, ఖుష్కీ అయ్యాయి. ఖుష్కీకి మూలమైన పారసీ పదం, సంస్కృత ‘శుష్క’ శబ్దం సోదరపదాలు. మెట్టభూమి వాన కురిసిన మర్నాడు కూడా మెట్టభూమే. ఇక్కడ విషయం తడి కాదు, నీటి వసతి. ‘మా పొలం మెట్ట’ అన్న రైతు శిస్తు, పంట, నీటి ఆధారం చెబుతున్నాడు. ‘మా పొలం ఎండిపోయింది’ అన్న రైతు పంట నష్టం చెబుతున్నాడు. ఈ రెండు వాక్యాలను ఒకే ఆంగ్ల విశేషణంతో నమోదు చేస్తే ఒక శాశ్వత లక్షణం, ఒక తక్షణ విపత్తు కలిసిపోతాయి.

3.6 శుష్క, నీరస: ఈ సంస్కృత పదాలు తెలుగులో నీటితో సంబంధాన్ని దాదాపు వదులుకున్నాయి. శుష్కవాదం, శుష్కపాండిత్యం, ‘శుష్కప్రియాలు శూన్యహస్తాలు’ అనే లోకోక్తి ఇందుకు ఉదాహరణలు. రసం లేనిది నీరసం. ఆసక్తి కలిగించని ఉపన్యాసాన్ని ఆంగ్లం ‘డ్రై’ అంటే మనం ‘నీరసంగా సాగింది’ అంటాం. ద్రవం పోయిందన్న భావమే రెండు భాషల్లోనూ ఆసక్తి లేదనే అర్థానికి దారితీసింది.

4. వ్యతిరేకపద పరీక్ష:

పై మాటలను వేరుచేసి చూపడానికి సులభమైన మార్గం వాటి వ్యతిరేకపదాలను అడగడం. పొడిబట్టకు వ్యతిరేకం తడిబట్ట. ఎండుమిరపకు వ్యతిరేకం తడిమిరప కాదు, పచ్చిమిరప. పొడిపొడి అన్నానికి ముద్ద అన్నం. వట్టిపోయిన ఆవుకు పాడి ఆవు. మెట్టకు మాగాణి. ఆరిన రంగుకు ఆరని రంగు.

ఆంగ్లంలో కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది. అక్కడ ‘డ్రై’కి అన్నిచోట్లా ‘వెట్’ వ్యతిరేకం కాదు. ద్రాక్షసారా విషయంలో దానికి వ్యతిరేకం ‘స్వీట్’, అంటే తీపి. చేప విషయంలో ‘ఫ్రెష్’. సరుకు రవాణాలో ‘లిక్విడ్’. ఆంగ్ల రూపం ఒకటే అయినా వ్యతిరేకపదం మారిన ప్రతిచోటా అర్థం మారినట్లే. కనుక అనువాదకుడు మొదట వెదకవలసింది ‘డ్రై’కి తెలుగు మాటను కాదు, ఆ సందర్భంలో దానికి ఎదురుగా నిలిచే మాటను. అది దొరికితే సమానార్థకం దానంతట అదే బయటపడుతుంది.

5. విశాఖపట్నం వ్యవహారంలో ‘డ్రై’:

5.1 డ్రై డాక్: నౌక అడుగుభాగాన్ని బాగుచేయాలంటే దాన్ని నీటినుంచి వేరుచేయాలి. గట్టులాంటి మూడు గోడలు, ఒక తలుపు ఉన్న పెద్ద తొట్టెలోకి నౌకను నీటితోపాటే రానిస్తారు. తలుపు మూసి పంపులతో నీరు తోడేస్తారు. నీటిమట్టం తగ్గేకొద్దీ నౌక కింద అమర్చిన దిమ్మెలమీద కుదురుగా కూర్చుంటుంది. పని పూర్తయ్యాక మళ్లీ నీరు నింపి నౌకను బయటికి పంపుతారు. హిందుస్థాన్ షిప్‌యార్డులోని డ్రై డాక్ 70,000 టన్నుల మోతగల నౌకలకు సరిపోతుంది.

ఇక్కడ ‘డ్రై’ అంటే నీరు లేనిది అని కాక నీరు తీసివేయగలిగినది అని అర్థం. వానాకాలంలో ఆ తొట్టె అడుగున కార్మికులు తడిలోనే నడుస్తారు. నౌకను తేల్చడానికి నీరు నింపిన గంటల్లో కూడా దాని పేరు డ్రై డాకే. అందువల్ల ‘పొడి రేవు’, ‘ఎండు రేవు’ అనేవి రెండూ తప్పుదారి పట్టిస్తాయి. రెండోది నీరు లేక మూతపడిన రేవును తలపిస్తుంది. వివరణ అవసరమైనచోట ‘నీరు తోడే మరమ్మతు తొట్టె’ అనడం, మిగిలినచోట్ల వాడుకలో ఉన్న ‘డ్రై డాక్’ను అలాగే ఉంచడం మంచిది.

దీనితో పోల్చదగినది ‘డ్రై పోర్ట్’. సముద్రానికి దూరంగా ఉండి కంటైనర్ల తనిఖీ, సుంకం వంటి రేవు పనులు జరిగే కేంద్రం అది. హైదరాబాదులోని సనత్‌నగర్ కేంద్రం ఈ కోవలోదే. అక్కడ నీరు తోడేసే పనే లేదు, మొదటినుంచీ నీరు లేదు. రూపంలో జంటలుగా కనిపించే ఈ రెండు సమాసాల్లో ఒకే విశేషణం రెండు వేరు సంబంధాలను తెలుపుతోంది.

5.2 డ్రై కార్గో: రేవులో సరుకును ప్రధానంగా ద్రవం, ఘనం అని విభజిస్తారు. ముడిచమురు, పెట్రోలియం ఉత్పత్తులు మొదటి వర్గం. ఇనుప ఖనిజం, బొగ్గు, ఎరువులు రెండో వర్గం. ఆ రెండో వర్గం పేరే ‘డ్రై’. ఇక్కడ వ్యతిరేకపదం తడి కాదు, ద్రవం. కాబట్టి ‘పొడి సరుకు’ అనే అనువాదం రెండు విధాలా ప్రమాదకరం. సరుకు చూర్ణరూపంలో ఉందని ఒకరు అనుకోవచ్చు. అందులో తేమ లేదని మరొకరు అనుకోవచ్చు.

రెండో అపోహ ప్రాణాంతకం. సన్నని ఇనుప ఖనిజంలో తేమ ఒక పరిమితిని మించితే, ఓడ ఊగుడుకు, యంత్రాల కంపనానికి అది గట్టిదనం కోల్పోయి ద్రవంలా ప్రవర్తిస్తుంది. సరుకు ఒకవైపుకు జరిగి ఓడ ఒరిగిపోతుంది. 2009 జూలైలో మంగళూరు సమీపంలో ‘ఏషియన్ ఫారెస్ట్’, అదే ఏడాది సెప్టెంబరులో పారదీప్ సమీపంలో ‘బ్లాక్ రోజ్’ అనే ఓడలు ఇనుప ఖనిజంతో మునిగిపోయాయి. ఆ రెండూ వానాకాలపు రవాణాలే కావడం, తడిసిన ఖనిజం ద్రవీభవించడం గురించి నౌకారంగంలో విస్తృతంగా చర్చ జరిగింది. 2011 జనవరి 1 నుంచి తప్పనిసరి అయిన అంతర్జాతీయ ఘనసరుకుల నియమావళి, ఇటువంటి సరుకు ఎక్కించే ముందు తేమ శాతాన్ని ధ్రువీకరించాలని కోరుతుంది. ఓడపై చేసే డబ్బా పరీక్ష కూడా ఉంది. డబ్బాను సగం సరుకుతో నింపి, గట్టి తలంమీద సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తునుంచి 25 సార్లు కొట్టి, పైకి తడి తేలిందేమో చూస్తారు. తడి తేలకపోయినంత మాత్రాన సరుకు సురక్షితమని చెప్పకూడదు, ప్రయోగశాల పరీక్ష తప్పదు.

పేరులో ‘డ్రై’ ఉన్న సరుకుకు తేమ పరీక్ష తప్పనిసరి అని ఆంగ్లంలో చెబితే వింతగా ఉండదు, అది వర్గనామమని అందరికీ తెలుసు. ‘పొడి సరుకులో తడి చూడాలి’ అని తెలుగులో చెబితే మాత్రం వాక్యం తనను తాను ఖండించుకుంటుంది. భద్రతా సూచనల్లో ఇలాంటి వాక్యం ఉండకూడదు. ‘ఘనసరుకు’ అనే మాట ఈ చిక్కును తొలగిస్తుంది.

ఖనిజం లావాదేవీల్లో ‘డ్రై టన్ను’ అనే కొలత మరొకటి ఉంది. 8 శాతం తేమ ఉన్న 100 టన్నుల ఖనిజాన్ని 92 డ్రై టన్నులుగా లెక్కించి ధర కడతారు. ఆ 92 టన్నుల్ని ఎవరూ విడిగా చూడరు, అది లెక్కలో మాత్రమే ఉంటుంది. ‘తేమ తీసిన లెక్క’ అనడం ఇక్కడ సరైన తెలుగు.

5.3 డ్రై కూలింగ్: కొలుముల నుంచి వెలువడే కోకు దాదాపు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడితో ఎర్రగా కాలుతూ ఉంటుంది. దానిపై నీళ్లు చల్లి ఆర్పడం పాత పద్ధతి. అప్పుడు వేడంతా ఆవిరై గాలిలో కలిసిపోతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో నీటికి బదులు మూసిన గదుల్లో నత్రజని వాయువును ప్రసరింపజేసి కోకును చల్లారుస్తారు. వాయువు గ్రహించిన వేడితో ఆవిరిని, దానితో విద్యుత్తును ఉత్పత్తి చేస్తారు.

ఈ పద్ధతికి ‘పొడి శీతలీకరణ’ అనే పేరు పెట్టవచ్చు గానీ, విన్నవారికి ఏదో పొడి చల్లి చల్లబరుస్తారని తోస్తుంది. ‘ఆర్చడం’ అంటే తడిబట్టను ఆర్చడమా, నిప్పును ఆర్చడమా అనే సందేహమూ వస్తుంది. ఆంగ్లంలో ఒకటి విశేషణం, మరొకటి క్రియ అయిన రెండు భావాలు తెలుగులో ఒకే ధాతువులో ఇమిడి ఉండటమే ఇందుకు కారణం. ‘నీరు వాడకుండా చల్లార్చడం’ అనేది స్పష్టమైన అనువాదం. విశేషణాన్ని విశేషణంగానే అనువదించాలన్న నియమం లేదు. క్రియావిశేషణంగా మార్చినప్పుడే ఇక్కడ అర్థం కుదిరింది.

5.4 పొడిచెత్త: నగరవాసులందరి నిత్యజీవితాన్ని తాకిన ప్రయోగం ఇది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ‘డ్రై వేస్ట్’ను కుళ్లిపోయే చెత్త, రోడ్లు ఊడ్చిన మన్ను కానిదిగా నిర్వచించాయి. వాడిన డైపర్లను సైతం అందులో చేర్చాయి. అంటే నిర్వచనంలో నీటి ప్రసక్తే లేదు. దీన్ని ‘పొడిచెత్త’గా అనువదించి ఇంటింటికీ చేర్చాక గృహిణి తన భాషాజ్ఞానాన్ని నమ్ముకుని ఆలోచిస్తుంది. పెరట్లో రాలిన ఎండుటాకులు, ఎండిన పూలదండలు, ఉల్లిపొట్టు ఆమె దృష్టిలో పొడి. నీళ్లు మిగిలిన ప్లాస్టిక్ సీసా, కడిగిన పాలప్యాకెట్టు తడి. నియమం ప్రకారం ఈ రెండు నిర్ణయాలూ తప్పే. తప్పు ఆమెది కాదు, మాటది. ఇక్కడ కూడా వ్యతిరేకపద పరీక్ష దారి చూపుతుంది. అసలు విభజన కుళ్లేవి, కుళ్లనివి అని. ‘కుళ్లే చెత్త, కుళ్లని చెత్త’ అని మొదటే చెప్పి ఉంటే కాపులుప్పాడ వంటి చెత్త కేంద్రాలకు చేరే చెత్తను వేరుచేసే పని ఇంట్లోనే మరింత తేలికయ్యేది.

6. నీటి ప్రసక్తి లేని ప్రయోగాలు:

కొన్ని సమాసాల్లో ‘డ్రై’ నీటిని పూర్తిగా విడిచి, ఆ సందర్భంలో ఉండవలసిన ముఖ్యమైన వస్తువు లేదని మాత్రమే చెబుతుంది. ‘డ్రై డే’లో లేనిది మద్యం. ఎన్నికల్లో పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు మద్యం అమ్మకాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం నిషేధించింది. ‘మద్యం అమ్మకాలు లేని రోజు’ అనడమే దీనికి తెలుగు. ‘డ్రై రన్’లో లేనిది అసలు సరుకు. 2020 డిసెంబరు చివర కృష్ణా జిల్లాలో కోవిడ్ టీకా డ్రై రన్ జరిగినప్పుడు టీకా మందు తప్ప మిగిలిన ఏర్పాట్లన్నీ పరీక్షించారు. ‘సన్నాహక పరీక్ష’ దీనికి తగిన మాట. ‘డ్రై క్లీనింగ్’లో లేనిది నీరు మాత్రమే, బట్టలు వేరే ద్రావణంలో తడుస్తాయి. ‘డ్రై ఐస్’ గట్టికట్టిన బొగ్గుపులుసు వాయువు. అది కరిగి నీరు కాకుండా నేరుగా వాయువైపోతుంది కనుక ఆ పేరు వచ్చింది. ‘పొడి మంచు’ అంటే పొడిగా రాలే మంచు అని విద్యార్థి పొరబడతాడు.

‘డ్రై హ్యూమర్’ మరీ ప్రత్యేకం. ముఖంలో నవ్వు కనిపించనీయకుండా ఎదుటివారిని నవ్వించడం దాని లక్షణం. ‘శుష్కహాస్యం’ అంటే పండని హాస్యం అనే వ్యతిరేకార్థం వస్తుంది. ఆంగ్లంలో మెచ్చుకోలు, తెలుగులో తెగడ్త అవుతాయి. ‘తాను నవ్వకుండా నవ్వించే తీరు’ అని వివరించడమే ఇక్కడ మార్గం. వైద్యంలోనూ సూక్ష్మభేదాలున్నాయి. కఫం లేనిది పొడిదగ్గు. దాహంతో గొంతు ఎండుతుంది. కళ్లు పొడిబారతాయి. ఒకదాని క్రియను మరొకదానికి వాడితే రోగి చెప్పేది వైద్యుడికి అందదు.

7. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. ‘డ్రై’ అనే విశేషణానికి స్థిరమైన భావం నీటి లేమి కాదు, సందర్భం ఆశించే ఒకానొక వస్తువు లేమి. ఆ వస్తువు నీరు, పాలు, తీపి, మద్యం, టీకా, ముఖంలో నవ్వు – ఏదైనా కావచ్చు.

2. తెలుగు ఈ లేమిని ఒకే మాటతో చెప్పదు. లోపలి తడి పోతే ఎండు, పైతడి పోతే ఆరు, తడి అంటకపోతే పొడి, రావలసింది రాకపోతే వట్టి, నీటి వసతి లేకపోతే మెట్ట.

3. ‘పొడి’కి చూర్ణమనే అర్థం కూడా ఉండటం వల్ల సాంకేతిక రంగాల్లో దాన్ని యాంత్రికంగా వాడటం అపార్థాలకు, కొన్నిచోట్ల ప్రమాదాలకు తావిస్తుంది.

4. సమానార్థకాన్ని నిర్ణయించే ముందు వ్యతిరేకపదాన్ని నిర్ణయించుకోవడం ఉపయోగకరమైన పద్ధతి. ఘనసరుకు, కుళ్లని చెత్త వంటి మాటలు ఆ పద్ధతిలోనే లభించాయి.

ద్విభాషా నిఘంటువులు అర్థాలను కామాలతో వరుసగా ఇవ్వడంతో ఆగకుండా, ఒక్కో అర్థానికి ఒక వ్యతిరేకపదాన్ని, ఒక సహచర నామవాచకాన్ని జతచేస్తే విద్యార్థులకు, అనువాదకులకు ఎంతో మేలు జరుగుతుంది. పారిభాషిక పదాలను రూపొందించే నిపుణులు ఆయా పనులు చేసే కార్మికుల, రైతుల, మత్స్యకారుల మాటలను ముందుగా సేకరించడం అవసరం. ఎండబెట్టడానికి, ఆరబెట్టడానికి ఉన్న భేదం వారికి చేతిపనిగా తెలుసు. ‘వెట్’, ‘లైట్’, ‘హెవీ’, ‘ఫ్రీ’ వంటి ఇతర సాధారణ విశేషణాలను కూడా ఇదే పద్ధతిలో పరిశీలించడానికి ఎంతో అవకాశం ఉంది.